తలకిందుల వెబ్‌క్యామ్‌కి ఓబీఎస్ వైద్యం: వర్చువల్ కెమెరా రివ్యూ

వీడియో కాల్‌లో బొమ్మ తిరగబడిందని ఎవరిని అడిగినా ఒకటే చెబుతారు: ఓబీఎస్ స్టూడియో వేసుకో, ఫ్లిప్ కొట్టు, వర్చువల్ కెమెరా ఆన్ చెయ్యి. సలహాలో తప్పేం లేదు. ఓబీఎస్ ఉచితం, ఓపెన్ సోర్స్, బొమ్మ మీద వాటర్‌మార్క్ వెయ్యదు, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. ఓబీఎస్‌లో సరిచేసిన బొమ్మని మీటింగ్ యాప్‌కి ఇంకో కెమెరాలా అందించే ఈ వర్చువల్ కెమెరా 2020లో 26.0 వెర్షన్‌తో విండోస్‌కి, అదే ఏడాది చివర్లో 26.1తో మిగతా రెండింటికీ వచ్చింది. అంతకుముందు దీనికోసం వేరే ప్లగిన్ తగిలించుకోవాల్సి వచ్చేది.

కాకపోతే లైవ్ స్ట్రీమింగ్ కోసం పుట్టిన అంత పెద్ద సరంజామాని ఒక్క బొమ్మ తిప్పడానికి దింపడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. ఎప్పుడు దింపాలో, ఎప్పుడు అక్కర్లేదో తెలియకపోతే ఉన్న తలనొప్పికి ఇంకోటి తోడవుతుంది. అందుకే ఈ రివ్యూ ఆ ఒక్క పని వరకే. స్ట్రీమింగ్, రికార్డింగ్ జోలికి పోవడం లేదు.

జబ్బేమిటో ముందు తేలాలి

బొమ్మ అద్దంలోలా కనిపించడం చాలాసార్లు అసలు జబ్బే కాదు. జూమ్, టీమ్స్ లాంటివి మీకు చూపించే మీ బొమ్మని కావాలనే అద్దంలోలా తిప్పుతాయి. మన మొహం మనం అద్దంలోనే చూసుకుంటాం కాబట్టి, అలా లేకపోతే జుట్టు సర్దుకోబోయిన చెయ్యి రెండోవైపుకి పోతుంది. అవతలివాళ్లకి వెళ్లే బొమ్మ మాత్రం తిన్నగానే వెళ్తుంది. మీకు కూడా తిన్నగానే కావాలంటే జూమ్ వీడియో సెట్టింగ్స్‌లో 'మిర్రర్ మై వీడియో' టిక్ తీసెయ్యండి. టీమ్స్‌లో సెట్టింగ్స్‌లోని 'డివైజెస్' పేజీలో అదే పేరుతో ఒక స్విచ్ ఉంటుంది. అది పెట్టినా తీసినా అవతలివాళ్లకి ఏ తేడా ఉండదు.

ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. తమ తెర మీద వెనక గోడ క్యాలెండర్‌లో అక్షరాలు తిరగబడ్డాయని చూసి, ఓబీఎస్‌లో అడ్డంగా ఫ్లిప్ కొడతారు. ఓబీఎస్ ఒకసారి తిప్పింది, జూమ్ మళ్లీ తిప్పింది, రెండు తిప్పులూ చెల్లుకు చెల్లు. తెర మీద క్యాలెండర్ చక్కగా చదవొస్తుంది, హమ్మయ్య అనుకుంటారు. అప్పటిదాకా బాగానే చూస్తున్న అవతలివాళ్లకి ఆ క్షణం నుంచి అంతా తారుమారు.

అందుకని అదే మీటింగ్‌లోకి ఫోన్‌లోంచి రెండో మనిషిలా చేరండి. ఫోన్ మైకూ, స్పీకరూ రెండూ ఆపెయ్యండి, లేకపోతే కూత పెడుతుంది. ఫోన్ తెర తిరగకుండా రొటేషన్ లాక్ వెయ్యండి. కాగితం మీద పెద్దగా 47 అని రాసి కెమెరాకి చూపించండి. ఏదో ఒక అంకె అనుకోవద్దు. 96 తలకిందులు చేసినా 96 లాగే ఉంటుంది. 8, 0 ఎటు తిప్పినా అవే. డిజిటల్ గడియారంలోలా గీతలు గీతలుగా రాస్తే 25 అద్దంలో కూడా 25 లాగే కనిపిస్తుంది. 4, 7 మాత్రం ఎటు తిరిగినా దొరికిపోతాయి.

ఫోన్‌లో తల పైన ఉండి 47 సరిగ్గా ఉంటే మీరు చెయ్యాల్సింది ఏమీ లేదు, ఈ రివ్యూ కూడా ఇక్కడితో ఆపెయ్యొచ్చు. తల పైనే ఉండి అంకెలు తిరగబడి ఉంటే అడ్డం ఫ్లిప్ కావాలి. తల కిందికి ఉంటే ఫోన్‌ని తలకిందులుగా పట్టుకుని చూడండి. అలా పట్టుకున్నప్పుడు 47 మామూలుగా చదవొస్తే బొమ్మ 180 డిగ్రీలు తిరిగింది. అప్పుడు కూడా అంకెలు అద్దంలోలా ఉంటే నిలువు ఫ్లిప్ ఒక్కటే పడింది.

చివరి రెండూ చూపుకి ఒకేలా ఉంటాయి, మందు మాత్రం వేరు. స్టాండుకి తలకిందులుగా వేలాడదీసిన కెమెరా గానీ, ల్యాప్‌టాప్ మూతలో ఫ్యాక్టరీలోనే తలకిందులుగా బిగించిన కెమెరా గానీ 180 డిగ్రీలు తిరిగినవే. వీటికి 'ఫ్లిప్ వర్టికల్' కొడితే తల పైకొస్తుంది గానీ కుడి ఎడమలు తారుమారవుతాయి. మొహం చూసి ఎవరూ పట్టుకోలేరు. ఎప్పుడో ఒక పుస్తకం అట్ట చూపించినప్పుడు బయటపడుతుంది. వీటికి కావలసింది 'రొటేట్ 180 డిగ్రీస్'. నిలువు ఫ్లిప్, అడ్డం ఫ్లిప్ రెండూ కొట్టినా అదే ఫలితం.

ఓబీఎస్ దాకా పోకుండానే

జూమ్ ఒక్కటే వాడేవాళ్లకి ఓబీఎస్ దండగ. జూమ్ వీడియో సెట్టింగ్స్‌లో ప్రివ్యూ మీద మౌస్ పెడితే మూలన 90 డిగ్రీలు తిప్పే బటన్ వస్తుంది. రెండుసార్లు నొక్కితే 180 అయిపోతుంది. 'మిర్రర్' టిక్‌లా కాకుండా ఇది అవతలికి వెళ్లే బొమ్మనే తిప్పుతుంది. విండోస్ 11 ఉంటే సెట్టింగ్స్‌లో 'బ్లూటూత్ అండ్ డివైజెస్', అందులో 'కెమెరాస్' తెరిచి మీ కెమెరా పేరు మీద నొక్కండి. వెలుతురు, కాంట్రాస్ట్ జారుడు గీతలతోపాటు కొన్ని కెమెరాలకి రొటేషన్ కూడా కనిపిస్తుంది. కనిపిస్తే అక్కడే తిప్పెయ్యండి.

నిన్నటిదాకా బాగున్న ల్యాప్‌టాప్ కెమెరా అప్‌డేట్ తర్వాత తలకిందులైందంటే కారణం దాదాపు ఎప్పుడూ డ్రైవరే, అంటే కెమెరాని కంప్యూటర్‌తో మాట్లాడించే చిన్న సాఫ్ట్‌వేరే. కొన్ని మోడళ్లలో కెమెరా ముక్కని చోటు కలిసిరాక తలకిందులుగా బిగిస్తారు, ఆ సంగతి తెలిసిన డ్రైవర్ బొమ్మని తిప్పి అందిస్తుంది. ఆ డ్రైవర్ పోయి దాని స్థానంలో విండోస్ సొంత జనరల్ డ్రైవర్ వచ్చి కూర్చుంటే బొమ్మ ఉన్నదున్నట్టు వస్తుంది. లినక్స్‌లో అయితే ఇలాంటి ల్యాప్‌టాప్ మోడళ్ల చిట్టా ఒకటి వీడియో లైబ్రరీలోనే రాసిపెట్టి ఉంది, అంత మామూలు విషయం ఇది. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి 'కెమెరాస్' కింద, అక్కడ లేకపోతే 'ఇమేజింగ్ డివైజెస్' కింద మీ కెమెరా ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, డ్రైవర్ ట్యాబ్‌లో 'రోల్ బ్యాక్ డ్రైవర్' నొక్కండి. ఆ బటన్ వెలిసిపోయి నొక్కుడు పడకపోతే, ల్యాప్‌టాప్ అడుగున రాసి ఉన్న పూర్తి మోడల్ నంబరుతో తయారీ కంపెనీ సైట్‌లోంచి కెమెరా డ్రైవర్ దించుకోండి. సిరీస్ పేరు ఒకటే అయినా లోపలి కెమెరాలు మారుతుంటాయి, కాబట్టి నంబరు చివరి అక్షరం దాకా కలవాలి. దీనికోసం విండోస్ మొత్తం తుడిచి మళ్లీ వెయ్యడం ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమే. పైగా అలా వేసినా మొదట వచ్చి కూర్చునేది ఆ జనరల్ డ్రైవరే.

పాత చిట్కాల్లో 'స్కైప్ తెరిచి వెబ్‌క్యామ్ సెట్టింగ్స్‌లో మిర్రర్ ఫ్లిప్ టిక్ తీయండి' అని కనిపిస్తుంటుంది. స్కైప్ 2025 మేలో మూతపడింది. అయితే ఆ టిక్ ఉన్న చిన్న కిటికీ స్కైప్ సొత్తు కాదు, కెమెరా డ్రైవర్‌ది. ఓబీఎస్ నుంచి కూడా దాన్ని తెరవొచ్చు. ఓబీఎస్‌లో జనానికి పెద్దగా తెలియని మంచి గుణం ఇదే.

ఓబీఎస్‌లో చేసే పని

మొదటిసారి తెరవగానే దేనికి వాడతారని అడుగుతుంది. స్ట్రీమింగ్, రికార్డింగ్ వదిలేసి, వర్చువల్ కెమెరా మాత్రమే వాడతాననే మూడోది ఎంచుకోండి. తర్వాత కింద 'సోర్సెస్' డబ్బాలో ప్లస్ గుర్తు నొక్కి 'వీడియో క్యాప్చర్ డివైస్' చేర్చి, ప్రాపర్టీస్ కిటికీలో మీ కెమెరా ఎంచుకోండి.

విండోస్‌లో అదే కిటికీలో 'కాన్ఫిగర్ వీడియో' అనే బటన్ ఉంటుంది. ఇందాక చెప్పిన డ్రైవర్ కిటికీ దీనితోనే తెరుచుకుంటుంది. అందులో ఫ్లిప్ అనో, మిర్రర్ అనో, రొటేట్ అనో టిక్ ఉంటే పెట్టేసి ఓకే కొట్టండి. అదృష్టం బాగుంటే రోగం మూలంలోనే కుదురుతుంది: ఓబీఎస్ మూసేసినా అన్ని యాప్‌లలోనూ బొమ్మ తిన్నగా వస్తుంది. కొన్ని కెమెరాలు కేబుల్ పీకితేనో, కంప్యూటర్ ఆపి వేస్తేనో మళ్లీ మొదటికి వస్తాయి, ఒకసారి సరిచూసుకోండి. జనరల్ డ్రైవర్ మీద నడిచే కెమెరాలకి మాత్రం ఈ టిక్ దాదాపు ఉండదు. యూఎస్‌బీ కెమెరాల్లో చాలావరకు పాటించే యూవీసీ ప్రమాణంలో వెలుతురుకీ, ఫోకస్‌కీ, జూమ్‌కీ కంట్రోళ్లు రాశారు గానీ అద్దం ఫ్లిప్‌కి విడిగా ఒకటి పెట్టలేదు.

టిక్ లేకపోతే కిటికీ మూసేసి, ప్రివ్యూలో బొమ్మ మీద కుడి క్లిక్ చేసి 'ట్రాన్స్‌ఫార్మ్' మెనూలోకి వెళ్లండి. పరీక్షలో తేలినదాన్ని బట్టి 'రొటేట్ 180', 'ఫ్లిప్ హారిజాంటల్', 'ఫ్లిప్ వర్టికల్'లో ఒకటి నొక్కండి. బొమ్మ తెరలో ఒక మూలకి చిన్నగా పడి ఉంటే కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే సరిపోయేంత పెద్దదవుతుంది. మూలకి ఎందుకు పడుతుందంటే ఓబీఎస్ కాన్వాస్‌ని, అంటే బొమ్మలు పరిచే పలకని, మీ మానిటర్ సైజుకి పెట్టుకుంటుంది, కెమెరా ఇచ్చేది చాలాసార్లు 1280×720. సెట్టింగ్స్‌లో 'వీడియో' పేజీకి వెళ్లి కాన్వాస్, అవుట్‌పుట్ రెండు రిజల్యూషన్లూ 1280×720కి, ఎఫ్‌పీఎస్ 30కి తగ్గిస్తే మీటింగ్‌కి చాలు, కంప్యూటర్ ఫ్యాన్ కూడా శాంతిస్తుంది. వర్చువల్ కెమెరా నడుస్తుండగా ఈ అంకెలు మార్చనివ్వదు, ఆపి మార్చాలి. అంతా కుదిరాక సోర్స్ పేరు పక్కన తాళం గుర్తు నొక్కెయ్యండి, లేకపోతే ఎప్పుడో మౌస్ తగిలి బొమ్మ పక్కకి జరుగుతుంది.

పక్కకి పడుకోబెట్టిన కెమెరాకి 90 డిగ్రీలు తిప్పితే ఒక ఇబ్బంది ఉంది. 1280×720 బొమ్మ నిలువుగా నిలబడి, 720 ఎత్తున్న కాన్వాస్‌లో 405 పిక్సెళ్ల వెడల్పుకి కుంచించుకుపోతుంది. రెండు పక్కలా నల్ల పట్టీలే. దానికంటే కెమెరానే తిన్నగా నిలబెట్టడం మేలు.

ఇక కుడివైపు కింద 'స్టార్ట్ వర్చువల్ కెమెరా' నొక్కి, మీటింగ్ యాప్‌లో కెమెరాల జాబితాలో 'ఓబీఎస్ వర్చువల్ కెమెరా' ఎంచుకోవడమే. యాప్ అప్పటికే తెరిచి ఉండి జాబితాలో ఆ పేరు కనిపించకపోతే దాన్ని మూసి తెరవండి.

రెండు ఉచ్చులు

స్టార్ట్ బటన్ పక్కనే పళ్లచక్రం గుర్తు ఉంటుంది. అందులో 'అవుట్‌పుట్ టైప్' కింద ప్రోగ్రామ్, ప్రివ్యూ, సీన్, సోర్స్ అని నాలుగుంటాయి. ఒక్క కెమెరానే పంపాలి కదా అని 'సోర్స్' ఎంచుకుంటే మీరు చేసిన ఫ్లిప్ మొత్తం గాలికి పోతుంది. ట్రాన్స్‌ఫార్మ్ అనేది సోర్స్‌కి అంటుకుని ఉండదు, సీన్‌లో, అంటే సోర్సులన్నీ పేర్చిన తెరలో, ఆ సోర్స్ కూర్చున్న తీరుకి సంబంధించింది. సోర్స్‌ని నేరుగా పంపితే ఓబీఎస్ తెర మీద తిన్నగానూ, మీటింగ్‌లో తలకిందులుగానూ కనిపిస్తుంది. చాలామంది ఓబీఎస్‌లో బగ్ ఉందని తిట్టుకునేది ఈ ఒక్క సెట్టింగ్ వల్లే. 'ప్రోగ్రామ్' దగ్గరే ఉంచండి, లేదా 'సీన్' ఎంచుకోండి.

రెండోది, విండోస్‌లో కెమెరా ప్రాపర్టీస్ కిటికీ కిందివైపు 'ఫ్లిప్ వర్టికల్లీ' అనే టిక్ ఒకటి విడిగా ఉంటుంది. ముందు దాన్ని పెట్టి, తర్వాత మర్చిపోయి ట్రాన్స్‌ఫార్మ్‌లో 180 తిప్పితే, మిగిలేది అద్దం బొమ్మ. ఎన్ని తిప్పినా కుదరడం లేదనిపిస్తే ఈ టిక్ తీసేసి, కంట్రోల్, ఆర్ నొక్కి ట్రాన్స్‌ఫార్మ్ అంతా చెరిపేసి మొదటినుంచి రండి.

ఎక్కడెక్కడ మొరాయిస్తుంది

ప్రివ్యూ నల్లగా ఉంటే ముందు అనుమానించాల్సింది మీటింగ్ యాప్‌నే. విండోస్‌లో మామూలుగా ఒక కెమెరాని ఒకసారికి ఒక యాపే పట్టుకుంటుంది. జూమ్ ముందే అసలు కెమెరాని పట్టేసుకుంటే ఓబీఎస్‌కి దక్కదు. ఎప్పుడూ ఓబీఎస్ ముందు, మీటింగ్ తర్వాత. కెమెరాని వేరే యూఎస్‌బీ రంధ్రంలో గుచ్చినా ఇలాగే నల్లబడవచ్చు, విండోస్ దాన్ని కొత్త కెమెరా అనుకుంటుంది. ప్రాపర్టీస్‌లో మళ్లీ ఎంచుకుంటే చాలు, ఫ్లిప్ అలాగే ఉంటుంది.

మీటింగ్‌లో మీ మొహం బదులు ఓబీఎస్ గుర్తు కనిపిస్తే వర్చువల్ కెమెరా స్టార్ట్ చెయ్యలేదని అర్థం. రోజూ నొక్కడం ఈ సాఫ్ట్‌వేర్‌తో నిజమైన విసుగు. దానికి ఉపాయం ఉంది: డెస్క్‌టాప్ షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో 'టార్గెట్' గడి చివర, కొటేషన్ గుర్తు దాటాక ఒక ఖాళీ వదిలి, రెండు హైఫన్లు పెట్టి వాటి వెంటనే స్టార్ట్, వర్చువల్, క్యామ్ అనే మూడు ఇంగ్లీషు మాటల్ని చిన్నక్షరాల్లో కలిపి ఒకే మాటగా రాయండి. ఇక ఆ షార్ట్‌కట్‌తో తెరిస్తే కెమెరా దానంతటదే మొదలవుతుంది.

విండోస్ సొంత కెమెరా యాప్‌లో ఓబీఎస్ కెమెరా కనిపించదు. అది పాడైనట్టు కాదు. ఓబీఎస్ పాత డైరెక్ట్‌షో పద్ధతిలో కెమెరాని నమోదు చేస్తుంది, ఆ యాప్ చూసేది కొత్త పద్ధతి కెమెరాలనే. బ్రౌజర్లలో, జూమ్‌లో కనిపిస్తే చాలు. ఎక్కడా కనిపించకపోతే ఓబీఎస్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్లో డేటా, దానిలో ప్లగిన్లు, వాటిలో డైరెక్ట్‌షో ఫోల్డర్ తెరిచి, వర్చువల్‌క్యామ్ ఇన్‌స్టాల్ అనే బ్యాచ్ ఫైలుని అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి.

వర్చువల్ కెమెరా బొమ్మని మాత్రమే మోస్తుంది, గొంతుని కాదు. మైకుని మీటింగ్ యాప్‌లో ఎప్పటిలా విడిగా ఎంచుకోవాలి. బొమ్మ ఓబీఎస్ గుండా తిరిగొస్తుంది కాబట్టి పెదవులు మాటకంటే కొంచెం వెనకబడొచ్చు. ప్రాపర్టీస్‌లో 'బఫరింగ్'ని 'డిసేబుల్' చేస్తే కొంత దగ్గరపడుతుంది.

మ్యాక్‌లో 30వ వెర్షన్ నుంచి, మ్యాక్ ఓఎస్ 13 ఆపైన, కొత్త కెమెరా ఎక్స్‌టెన్షన్ పద్ధతి వాడుతుంది. ఓబీఎస్‌ని అప్లికేషన్స్ ఫోల్డర్లోకి లాగి అక్కడినుంచే తెరవాలి, డౌన్‌లోడ్స్‌లోంచి నడిపితే ఎక్స్‌టెన్షన్ ఎక్కదు. మొదటిసారి సిస్టమ్ సెట్టింగ్స్‌లో అనుమతి కూడా ఇవ్వాలి. లినక్స్‌లో వీ4ఎల్2లూప్‌బ్యాక్ అనే కెర్నెల్ మాడ్యూల్ లేకపోతే స్టార్ట్ బటనే కనిపించదు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని మాడ్యూల్‌ని కెర్నెల్ ఎక్కించుకోదు.

ఎవరికి పనికొస్తుంది

నోటు పుస్తకం మీద పై నుంచి కెమెరా వేలాడదీసి లెక్కలు చెప్పే టీచర్లకి ఇది చక్కగా అతుకుతుంది: 180 తిప్పి, అంచులు కత్తిరించి, పేజీని మాత్రమే నింపొచ్చు. ఆల్ట్ నొక్కిపట్టి ఎర్ర గీత అంచుని లోపలికి లాగితే కత్తిరింపు అయిపోతుంది. ల్యాప్‌టాప్ కెమెరా ముందు చిన్న అద్దం ఏటవాలుగా తగిలించి బల్ల మీది పుస్తకం చూపించేవాళ్లకి అడ్డం ఫ్లిప్ ఒక్కటి చాలు, పై కిందులు వాటంతటవే సరిపోతాయి. గాజు పలక వెనక నిలబడి రాసేవాళ్లకి కూడా అడ్డం ఫ్లిప్పే. అక్కడ అక్షరాలు తిన్నగా వస్తాయి గానీ మనిషి ఎడమచేతివాటం అయిపోతాడు, చొక్కా మీద రాతలుంటే అవి తిరగబడతాయి. సాదా చొక్కా వేసుకోవాలి.

జూమ్ బటన్‌తోనో, డ్రైవర్‌తోనో పనైపోయేవాళ్లకి, పాత ప్రాసెసర్ మీద మీటింగే భారంగా నడిచేవాళ్లకి దీన్ని సిఫార్సు చెయ్యలేం. మెనీక్యామ్ లాంటివి ఇదే పనిని ఇంకా సులువుగా చేస్తాయి గానీ ఉచిత వెర్షన్‌లో వాటర్‌మార్క్ పడుతుంది. ముఖం చూసి లాగిన్ చేసే విండోస్ హలోకి వర్చువల్ కెమెరా పనికిరాదు.

ఆన్‌లైన్ పరీక్షలకి మాత్రం దీని జోలికే పోవద్దు. నిఘా సాఫ్ట్‌వేర్లలో కొన్ని వర్చువల్ కెమెరాని ఒప్పుకోవు, ఓబీఎస్ వెనకాల నడుస్తున్నా అనుమానిస్తాయి. ల్యాప్‌టాప్ కెమెరా తలకిందులుగా ఉండి డ్రైవర్ దొరకకపోతే, పరీక్షకి ముందే ఒక మామూలు యూఎస్‌బీ కెమెరా తెచ్చుకుని తిన్నగా నిలబెట్టి, డివైస్ మేనేజర్‌లో లోపలి కెమెరాని డిసేబుల్ చేసి, పరీక్ష సాఫ్ట్‌వేర్ ఇచ్చే ట్రయల్‌లో ఒకసారి 47 చూపించి సరిచూసుకోండి.